నెరసిన తలల సహవాసము

ముసలితనములో మనుష్యునికి మూడు భయములు కలవు. ఒంటిలో బలము తగ్గునేమో, చేతిలో డబ్బు తగ్గునేమో, పలుకరించువారు తగ్గుదురేమో అని. మొదటి రెండింటిని గూర్చి వైద్యులును ప్రభుత్వములును చాల కాలముగా యోచించుచున్నారు. మూడవదానిని గూర్చి లోకము యోచింప నారంభించి నూరేండ్లు కూడ కాలేదు. ఆ ఆరంభమెట్లు జరిగినదో తెలిసికొనుట మన సంఘములకు మేలు. ఏలయనగా మనము మరచిపోయిన పాఠమొకటి ఆ చరిత్రలో ఉన్నది.

పూర్వము సామాన్యునికి పని మానుట యనునది లేదు. చేతనైనంత కాలము పొలములోనో మగ్గము మీదనో పాటుపడి, చేతకానప్పుడు బిడ్డల పంచను కూర్చుండెడివాడు. 1889లో జర్మనీ దేశము 70 ఏండ్లు నిండిన పనివారికి పింఛను ఇచ్చు చట్టము చేసెను. 1908లో బ్రిటనులోను, 1935లో అమెరికాలోను అట్టి చట్టములు వచ్చెను. అమెరికా చట్టములో 65 ఏండ్లు హద్దు. అప్పటినుండి పట్టణములలో లక్షలమంది ఒక దినమున ఉద్యోగము వదలి యింటికి వచ్చి కూర్చుండసాగిరి. తిండికి కొంత ఆధారము దొరికెను. అయితే తెల్లవారిన తరువాత ఎక్కడికి పోవలెను? ఎవరితో మాటలాడవలెను? దీనికి ఏ చట్టములోను జవాబు లేదు.

న్యూయార్కు నగరములో బీదలకు సహాయమిచ్చు శాఖయొకటి యుండెను. అందలి ఉద్యోగులు ఒక సంగతి గమనించిరి. సహాయము పొందుచున్న వృద్ధులు కొందరు పని యేమియు లేకున్నను ఏదో యొక నెపము పెట్టుకొని కచేరికి వచ్చుచు, ఎంతో సేపు మాటలాడి గాని వెళ్లకుండిరి. వారు వెదకునది డబ్బు కాదు, తమ మాట వినెడి మనిషిని. ఈ సంగతి గ్రహించిన ఆ శాఖవారు 1943లో బ్రాంక్సు అను ప్రాంతమున వృద్ధులు కూడుకొనుటకు ఒక స్థలమును, బల్లలను, ఆటవస్తువులను సమకూర్చిరి. దానికి విలియం హాడ్సన్ పేరు పెట్టిరి. ఆ శాఖకు అధిపతిగా నుండిన ఆయన ఆ సంవత్సరము జనవరిలోనే, యుద్ధములో నలిగిన ప్రజలకు సహాయకార్యము నిమిత్తము ఉత్తర ఆఫ్రికాకు ప్రయాణమై పోవుచు, విమానప్రమాదములో మరణించెను.

అమెరికాలో వృద్ధుల కొరకైన కేంద్రములలో దీనినే మొదటిదిగా ఎంచుదురు. అక్కడికి వచ్చిన ముసలివారు ఆటబల్లలతోనే తృప్తిపడి యుండలేదు. ఏ దినమున ఏమి చేయవలెనో తామే కూడి యోచించుకొని, తామే నడుపుకొనసాగిరి. నేడు ఆ దేశములో ఇట్టి కేంద్రములు 10,000కు పైగా ఉన్నవి.

ఇంచుమించు అదే కాలమున ఆ దేశపు పడమటి తీరమున మరియొక ఆరంభము జరిగెను. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ అను ఆమె 1884లో పుట్టెను. 1916 నుండి 1944 వరకు లాస్ ఏంజెల్స్ నగరములోని లింకన్ ఉన్నత పాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా పనిచేసెను. అనేక దేశములనుండి వలస వచ్చిన కూలివారి పిల్లలు అందులో చదివిరి. తల్లికి జబ్బు చేయగా, ఆమెకు ఉపచారము చేయుటకై ఆండ్రస్ ఉద్యోగము మానుకొనెను. ఆమెకు వచ్చిన పింఛను నెలకు సుమారు 60 డాలర్లు. తనకు వేరే ఆధారము ఉండుటచే ఆమెకు లోటు కలుగలేదు గాని, అంతకంటె తక్కువతో బ్రదుకు పంతుళ్లెందరు ఉన్నారో అను చింత ఆమెకు కలిగెను.

విశ్రాంత ఉపాధ్యాయుల సంఘములో ఆమె క్షేమవిచారణ బాధ్యత తీసికొనెను. ఒక దినమున, ఒక వృద్ధురాలు కష్టములో నున్నదని విని, చూచుటకు వెళ్లెను. ఆ వృద్ధురాలు ఇంటిలో లేదు. ఆ దొడ్డిలోని కోళ్ల గూటిలో కాపురముండెను. ఒకప్పుడు బడిలో పాఠములు చెప్పి గౌరవము పొందిన పంతులమ్మ ఆమె! వైద్యునియొద్దకు పోవుటకు కూడ ఆమెయొద్ద డబ్బు లేకుండెను.

ఆమె దిక్కులేనిదని ఆ ఊరిలో ఎవరికిని తెలియదా? తెలిసియే యుండును. కాని తలుపు తట్టి లోపలికి చూచినది మరియొక ముసలి పంతులమ్మయే. ఆమె అక్కడినుండి కన్నీళ్లతో ఇంటికి వచ్చి ఊరకుండలేదు. 1947లో విశ్రాంత ఉపాధ్యాయుల జాతీయ సంఘమును స్థాపించెను. ఆ దినములలో 65 ఏండ్లు దాటినవారికి ఆరోగ్య బీమా ఇచ్చుటకు కంపెనీలు ఇష్టపడకుండెను. ఆమె కంపెనీ వెంబడి కంపెనీని అడిగి, కాదనిపించుకొని, విసుగక అడిగి, తుదకు 1956లో దానిని సాధించెను. 1954లో ఓహై అను ఊరిలో విశ్రాంత ఉపాధ్యాయులకు ఒక నివాసగృహము ఏర్పాటు చేసెను. ఉపాధ్యాయులు కానివారును మమ్మును చేర్చుకొనుమని వేడగా, 1958లో విశ్రాంతులందరి కొరకును ఒక సంఘము స్థాపించెను. అప్పటికి ఆమెకు 70 ఏండ్లు దాటి చాల కాలమైనది. 1967లో మరణించువరకు ఆమె పని మానలేదు.

ఆ సంఘమునకు ఆమె ఏర్పరచిన ధ్యేయవాక్యము బైబిలు చదువువారికి క్రొత్తది కాదు. పరులచేత సేవ చేయించుకొనుట కాక, పరులకు సేవ చేయుటయే మన పని యని దాని భావము. మార్కు సువార్త 10వ అధ్యాయము 45వ వచనములో ప్రభువు తన్ను గూర్చి చెప్పిన మాట జ్ఞాపకమునకు వచ్చుచున్నది గదా! ముసలివారిని గూర్చి లోకము తలంచునది దీనికి విరుద్ధము. వారికి తిండి పెట్టవలెను, మందు ఇయ్యవలెను, ఓ మూల కూర్చుండబెట్టవలెను. అంతటితో మన బాధ్యత తీరినదని అనుకొందురు. ఆండ్రస్ మాత్రము వారిచేతికి పని ఇచ్చెను.

అయితే ఈ చరిత్రలో హెచ్చరికయు లేకపోలేదు. సంఘము పెరిగిన కొలది దానికి బీమా వ్యాపారముతో గల సంబంధమును గూర్చి 1970 తరువాతి సంవత్సరములలో తీవ్రమైన విమర్శలు వచ్చెను. నేడు దానికి మూడున్నర కోట్లకు పైగా సభ్యులున్నారు. అది చేయు మేలు గొప్పదే. కాని అన్ని కోట్లమందిలో ఒకరి గుమ్మము మరియొకరికి తెలియుట కష్టము. చందా కట్టినంత మాత్రమున సహవాసము కలుగదు. జాబితాలో పేరుండుట వేరు, పేరు పెట్టి పిలుచువారుండుట వేరు.

ఫ్రాన్సు దేశములోని టూలూజ్ నగరమున 1973లో పియేర్ వెల్లాస్ అను ఆచార్యుడు వృద్ధుల కొరకు విశ్వవిద్యాలయములో తరగతులు తెరచెను. ఆ తలంపు ఇంగ్లాండునకు ప్రాకి, 1981లో కేంబ్రిడ్జిలో ఆరంభమై, అక్కడ వేరొక రూపము దాల్చెను. జీతమిచ్చి ఉపాధ్యాయులను పెట్టుకొనక, తోట పని తెలిసినవాడు తోట పనిని, చరిత్ర తెలిసినవాడు చరిత్రను, ఒకరికొకరు నేర్పుకొనసాగిరి. అక్కడ నేర్పువారును వారే, నేర్చుకొనువారును వారే.

ప్రియులారా, ఇది మనకు క్రొత్త సంగతియా? యెరూషలేములో అనుదిన పరిచర్యయందు విధవరాండ్రు మరువబడుచున్నారను సణుగు పుట్టగా, ఆదిమ సంఘము దానిని చిన్న విషయముగా ఎంచక, ఏడుగురిని ఏర్పరచెను. దేవాలయములోని అన్న మిగుల వృద్ధురాలు, విధవరాలు. అయినను శిశువైన ప్రభువును గూర్చి ఇతరులకు చెప్పిన సాక్షి ఆమెయే. తీతుకు వ్రాసిన పత్రికలో పౌలు వృద్ధ స్త్రీలను యౌవనస్త్రీలకు బోధకురాండ్రుగా నిలువబెట్టెను. వృద్ధులకు పరిచర్య, వృద్ధులచేత పరిచర్య, ఈ రెండును లేఖనములలో కలిసియే యున్నవి.

మన పల్లెలలో సేద్యగానికిని కూలివానికిని ఉద్యోగ విరమణ దినము లేదు. బిడ్డలు పట్టణములకు, పరదేశములకు పోయిరి. అవ్వ అరుగుమీద కూర్చుండి దారి చూచుచున్నది. ఆదివారము గుడికి వచ్చి, గోడ ప్రక్కను కూర్చుండి, ప్రార్థన ముగిసినంతనే లేచి పోవుచున్నది. మధ్యనున్న ఆరు దినములలో ఆమెతో మాటలాడిన వారెవరు?

దీనికి పెద్ద భవనము అక్కరలేదు. వారమునకొక సాయంకాలము గుడి తలుపు తీసి, చాప పరచిన చాలును. చదువు వచ్చిన తాత చదువురాని తాతకు లేఖనము చదివి వినిపించవచ్చును. పింఛను కాగితము అర్థము కాని అవ్వకు విశ్రాంతుడైన పంతులు దానిని విప్పి చెప్పవచ్చును. పాత కీర్తనల రాగములు తెలిసినవారు వాటిని పిల్లలకు నేర్పవచ్చును. లేకపోయిన ఆ రాగములు వారితోనే సమాధికి పోవును. రెండు ఆదివారములు ఒకరు గుడికి రాకపోయిన యెడల, మూడవ ఆదివారము వరకు ఆగక, మరియొక వృద్ధుడు కఱ్ఱ పట్టుకొని ఆ యింటికి వెళ్లవలెను. కాపరి వెళ్లిన మంచిదే. ఈడువారు వెళ్లినప్పుడు కలుగు ఓదార్పు వేరు.

మన సంఘములోని వృద్ధుల పేర్లు ఈ రాత్రియే వ్రాసి చూతము. ఎవరి గుమ్మము మనము తొక్కి నెల దాటినదో ఆ పేరు దగ్గర ఆగి, ప్రార్థించి, రేపు లేచి ఆ తలుపు తట్టుదము.