దుబాయి నేర్పే అప్పుల లెక్క



దుబాయి పోయొచ్చినం అంటే మనోళ్లు అడిగేది ఒకటే మాట, "బుర్జ్ ఖలీఫా చూసిన్రా?" అని. చూసినం. 828 మీటర్ల ఎత్తు, మెడ నొప్పి పుట్టేదాకా చూసినం. కానీ రాస్ అల్ ఖైమా నుంచి రెండు రోజుల సెలవు మీద పోయిన మా నలుగురికి ఎక్కువ ఆలోచన పెట్టింది మాత్రం పాత ఊరు. ఒక దిర్హం ఇచ్చి అబ్రా పడవ ఎక్కి క్రీక్ దాటినం, ఒడ్డున షిందగా దగ్గర మ్యూజియం తిరిగినం. తర్వాత రూములో కూర్చుని ఈ ఊరి చరిత్ర ఇంకొంచెం చదువుకున్నం. నూనె దొరికింది, ఊరు లేచింది అని మనం అనుకుంటం. అది సగం కథే. ఈ ఊళ్లో ఒక రకం అప్పు మనుషులను ముంచింది, ఇంకో రకం అప్పు ఊరిని లేపింది. అప్పు చేసి విమానం ఎక్కిన మనకు ఈ కథ తెలిసి ఉండాలె.

నూనె రాకముందు ఇక్కడి బతుకు ముత్యాల మీద. దాదాపు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా నాలుగు నెలలు పడవలు సముద్రంలోనే ఉండేవి. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని బంద్ కదా, ఆ నెలలే అప్పుడు వాళ్లకు పని నెలలు. మునిగే మనిషి ముక్కుకు క్లిప్పు పెట్టుకుని, కాలికి రాయి కట్టుకుని, ఊపిరి బిగబట్టి అడుగుకు దిగేవాడు. పైన ఇంకొకడు తాడు పట్టుకుని ఉండేవాడు. కింద నుంచి తాడు గుంజితే వెంటనే పైకి లాగాలె. పొద్దున నుంచి సాయంత్రం దాకా అదే పని. చాలామందికి చెవులు, కళ్లు చెడిపోయేవి. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్లు కూడా ఆ పడవల మీద ఉండేవాళ్లు. ఆ ముత్యాలు బొంబాయి చేరి, అక్కడి నుంచి దేశదేశాలకు పోయేవి. హైదరాబాద్‌లో బస్రా ముత్యాలు అని పేరు పడ్డవి ఈ గల్ఫ్ సముద్రం ముత్యాలే.

ఇక లెక్క సంగతి. పడవ నడిపే పెద్దను నఖుదా అంటరు. సీజన్‌కు ముందు ఇంట్లోవాళ్ల తిండి కోసం ఆయన అడ్వాన్సు ఇచ్చేవాడు. సీజన్ అయినంక ముత్యాలు అమ్మి, వాటాలు వేసి, అడ్వాన్సు పట్టుకునేవాడు. ముత్యాలు సరిగా దొరకకపోతే బాకీ వచ్చే ఏడుకు పోయేది. బాకీ తీరనిదే ఇంకో పడవ ఎక్కనిచ్చేవాళ్లు కాదు. మనిషి చచ్చిపోతే ఆ బాకీ కొడుకు మీదో తమ్ముడి మీదో పడేది. పైగా మునిగేవాళ్లలో చాలామందికి చదువు రాదు. ఎంత తీసుకున్నాడు, ఎంత తీరింది అన్నది చెప్పాల్సింది పైవాళ్ల పుస్తకమే.

ఇది చదువుతుంటే మాలోని పాలమూరు అన్న, "మా దగ్గర మేస్త్రీ ఇచ్చే అడ్వాన్సు కూడా ఇట్లనే ఉండె కదా" అన్నడు. నిజమే. ఎన్నో ప్రాజెక్టుల మట్టి పని చేసిన పాలమూరు లేబర్ కూడా ముందు అడ్వాన్సు తీసుకుని, తర్వాత దాని కిందనే నలిగిండ్రు. సముద్రమైనా మట్టి అయినా ఆ పట్టీ ఒకటే.

1893లో జపాన్‌లో మికిమోటో అనే ఆయన ఆల్చిప్పల్లో ముత్యాలు పెంచి చూపించిండు. కొన్నేళ్లకు పెంచిన ముత్యాలు చౌకగా బజారులోకి వచ్చినయి. 1929లో ప్రపంచమంతా మాంద్యం పడ్డది. ఆ రెండు దెబ్బలకు 1930లలో గల్ఫ్ ముత్యాల వ్యాపారం కూలిపోయింది. ఒక్క పని మీదే బతికిన ఊళ్లు ఆకలి చూసినయి.

ఇప్పుడు రెండో అప్పు. క్రీక్ ఇసుకతో పూడిపోతుండేది, పెద్ద పడవలు లోపలికి రాలేకపోయేవి. పక్కనున్న షార్జా క్రీక్ పూడిపోయి అక్కడి వ్యాపారం దెబ్బతిన్నది. 1958లో దుబాయి పాలకుడైన షేక్ రషీద్ కువైట్ దగ్గర అప్పు తెచ్చి, ఊరి వ్యాపారులకు బాండ్లు అమ్మి, 1959లో క్రీక్ లోతు చేసే పని మొదలుపెట్టిండు. అప్పటికి దుబాయిలో చుక్క నూనె దొరకలేదు. అప్పుడు ఇక్కడ నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వ్ బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు కూడా వేసింది. క్రీక్ లోతైనంక పడవలు వచ్చినయి, సరుకు వచ్చింది.

నూనె దొరికింది 1966లో, ఎగుమతి మొదలైంది 1969లో. ఆ నూనె డబ్బు ఉండగానే 1972లో పోర్ట్ రషీద్, 1979లో జెబెల్ అలీ పోర్టు తెరిచిండ్రు. నూనె ఒకనాడు అయిపోతదని ముందే తెలిసి చేసిన పని అది. ఇప్పుడు దుబాయి ఆదాయంలో నూనెది చాలా చిన్న వాటా.

అట్లని వీళ్లు అప్పులో ఎప్పుడూ ఇరుక్కోలేదని కాదు. 2009 నవంబర్‌లో దుబాయి వరల్డ్ అనే ప్రభుత్వ సంస్థ బాకీ కట్టడానికి గడువు అడిగింది. డిసెంబర్‌లో అబుదాబి వెయ్యి కోట్ల డాలర్లు ఇచ్చి ఆదుకుంది. 2010 జనవరి 4న తెరిచిన రోజే బుర్జ్ దుబాయి పేరు బుర్జ్ ఖలీఫా అయింది. ఖలీఫా అంటే అప్పటి అబుదాబి పాలకుడి పేరు. ఆ మాంద్యంలో సైట్లు ఆగి ఎంతోమంది మనోళ్లు సూట్‌కేసు సర్దుకున్నరు. ఊరికి ఆదుకునే అన్న ఉన్నడు. మనకు ఉన్నది షావుకారి.

అందుకే మేము ఒక లెక్క వేసుకున్నం. వీసాకు రెండు లక్షలు తెచ్చి, నూటికి నెలకు రెండు రూపాయల మిత్తి అయితే, నెలకు నాలుగు వేలు. రెండేళ్ల కాంట్రాక్టులో మిత్తే 96 వేలు. అసలు అట్లనే ఉంటది. ఇది ముత్యాల పడవ అప్పే.

కొత్తగా వచ్చే తమ్ముళ్లకు మేము చెప్పేది ఇది. మన ప్రభుత్వ నియమం ప్రకారం రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోవాల్సిన ఫీజు 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతకు మించి కాదు. ఏజెంటు పేరు ఈ-మైగ్రేట్‌లో ఉన్నదో లేదో చూడుండ్రి. ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు అడగుండ్రి. కాంట్రాక్టు కాపీ, జీతం స్లిప్పులు ఫోన్లో ఫొటో తీసి ఇంటికి కూడా పంపుండ్రి. పుస్తకం అవతలోని చేతిలోనే ఉంటే బాకీ ఎట్లా పెరుగుతదో పైన చదివిండ్రు.

మళ్లీ అప్పు చేయాల్సి వస్తే ఒక్క మాట అడుక్కోవాలె: ఈ అప్పు తీరేనాటికి మన చేతిలో ఏం మిగులుతది? బోరు, దుకాణం, పిల్లల చదువు, చేతికి ఇంకో పని వచ్చే ట్రైనింగ్, ఇవి క్రీక్ తవ్విన అప్పు లాంటివి. పక్కింటాయన వేసిండని మనం వేసే రెండో అంతస్తు, ఊరంతటికీ పెట్టే పెండ్లి భోజనం, వాటిని ఏ లెక్కలో రాసుకోవాలో మీరే చెప్పుండ్రి.

మీ వీసాకు ఎంత అయింది, ఎన్ని నెలల్లో తీరింది, కింద రాయుండ్రి. రేపు బయలుదేరే తమ్ముడు చదువుకుంటడు.