మూర్ఛవ్యాధి: నిద్ర, మానసిక ఆరోగ్యం

మెదడు కణాల్లో విద్యుత్ చర్య ఉన్నట్టుండి అదుపు తప్పి పదేపదే ఫిట్స్ వచ్చే మూర్ఛవ్యాధిలో రోగి జీవన నాణ్యతను ఫిట్స్ సంఖ్య ఒక్కటే నిర్ణయించదు. మందులకు లొంగని మూర్ఛలో అంతకంటే కుంగుబాటు, అంటే డిప్రెషన్, ప్రభావమే ఎక్కువని పలు అధ్యయనాల్లో తేలింది. నిద్రలేమి ఫిట్స్‌ను ప్రేరేపిస్తే, రాత్రి వచ్చే ఫిట్స్ నిద్రను చెడగొడతాయి. కౌమారంలో మొదలయ్యే జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీలో ఇది స్పష్టంగా కనిపిస్తుంది: పరీక్షల కోసం రాత్రంతా మేలుకొన్న విద్యార్థికి పొద్దున పళ్లు తోముకుంటుండగా చేయి అదిరి బ్రష్ జారిపోతుంది, ఇంట్లోవాళ్లు దాన్ని పరధ్యానం కింద కొట్టిపారేయడంతో వ్యాధి నిర్ధారణ ఆలస్యమవుతుంది. విరివిగా వాడే లెవెటిరాసెటమ్ మందు కొందరిలో చిరాకు, కుంగుబాటు తెస్తుంది కనుక మనోస్థితిని కూడా గమనిస్తుండాలి. సామాజిక వివక్ష వేరే భారం. మూర్ఛ ఉన్నవారి పెళ్లికి అడ్డుగా హిందూ వివాహ చట్టంలో ఉన్న నిబంధన 1999లో గాని తొలగలేదు.