గుహలో దావీదు, నల్గొండలో ఒక నాయకుడు



"మలబారు పోలీసుల కాలం" అనే మాట మన ఊళ్ళలో పెద్దల నోట వినే ఉంటారు. 1948 తర్వాత కమ్యూనిస్టుల కోసం గుంటూరు, కృష్ణా జిల్లాల్లో మలబారు స్పెషల్ పోలీసులు ఇళ్ళు గాలించిన రోజులవి. అప్పటికి ఒంగోలు కూడా గుంటూరు జిల్లాలోనే ఉండేది. అదే సమయంలో కృష్ణానది అవతల నల్గొండ పల్లెల్లో ఏకంగా సైన్యమే దిగింది.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం హైదరాబాదు సంస్థానంలో ప్రవేశించింది. 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల దౌర్జన్యం ఆగింది, జనం ఊపిరి పీల్చుకున్నారు. అయితే 1949 చివరి దాకా అక్కడ పాలించింది మిలిటరీ గవర్నరు, మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరి. జనం ఎన్నుకున్న ప్రభుత్వం లేదు. వెట్టిచాకిరీ మీద, దొరల మీద తిరగబడిన కమ్యూనిస్టుల వైపు తుపాకులు తిరిగాయి. ఆ పోరాటంలో మొత్తం 4 వేల మంది ప్రాణాలు పోయాయని, 10 వేల మందికి పైగా నిర్బంధ శిబిరాల్లో మగ్గారని పుచ్చలపల్లి సుందరయ్య గారు రాశారు.

అలా వేటకు గురైన నాయకుల్లో రావి నారాయణరెడ్డి గారు ఒకరు. 1908లో బొల్లేపల్లిలో భూస్వాముల ఇంట పుట్టారు. అయినా హరిజన సేవక సంఘంలో పనిచేశారు. 1944లో భువనగిరి ఆంధ్రమహాసభకు అధ్యక్షులయ్యారు. చివరికి అజ్ఞాతంలోకి వెళ్ళవలసి వచ్చింది. ఆయన మన విశ్వాసి కాదు, కమ్యూనిస్టు. అయితే దేవుడు కోరెషును కూడా వాడుకున్నాడు గదా.

నన్ను ఆలోచింపజేసేది ఆయన తప్పించుకుని బ్రతకడం కాదు, ఆ దినాల్లోనే ఆయన చెప్పిన మాట. నిజాం పోయాక ఇక ఆయుధం పట్టడం తప్పని తన సొంత వాళ్ళకే చెప్పారు. తనను వెంటాడేవాళ్ళ చేతిలో తుపాకి ఇంకా ఉండగానే, తనవాళ్ళను తుపాకి దించమన్నారు. అందుకు సొంత పార్టీలోనే మాటలు పడ్డారు. చివరకు 1951 అక్టోబరు 21న ఆ పార్టీ సాయుధ పోరాటాన్ని విరమించింది.

1 సమూయేలు 24వ అధ్యాయం తీసి చదవండి. ఏన్గెదీ గుహలో సౌలు దావీదు చేతికి చిక్కాడు. ఇదే సమయమని దావీదు మనుషులు తొందరపెట్టారు. దావీదు సౌలు వస్త్రపు చెంగు మాత్రమే కోశాడు, దానికి కూడా అతని మనస్సు నొచ్చుకుంది. ఆ రోజు దావీదుకు సౌలును ఆపడం కంటే తన పక్కనున్నవాళ్ళను ఆపడమే కష్టమైంది. శత్రువును ఎదిరిస్తే మనవాళ్ళు మెచ్చుకుంటారు. మనవాళ్ళను ఆపితే పిరికివాడంటారు.

తర్వాత మొదటి సాధారణ ఎన్నికలు వచ్చాయి. హైదరాబాదులో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్నందున పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంటు పేరుతో పోటీ చేశారు. నల్గొండ ప్రజలు రావి నారాయణరెడ్డి గారికి 3 లక్షలకు పైగా ఓట్లు వేశారు. నెహ్రూ గారికి వచ్చినవాటికంటే అవి ఎక్కువ. నల్గొండకు అప్పుడు ఇద్దరు ఎంపీలు. రిజర్వుడు స్థానంలో అదే ఫ్రంటు నుండి సుంకం అచ్చాలు గారు గెలిచారు. పిలిస్తే కూలి లేకుండా పోయి చాకిరీ చేసిన జనం తమ మనిషిని పార్లమెంటుకు పంపారు.

ప్రియులారా, మన ఊళ్ళలో గట్టు తగాదాలున్నాయి, పార్టీ కక్షలున్నాయి, కోర్టు కేసులున్నాయి. నిన్న మనల్ని ఏడిపించినవాడు రేపు మన చేతికి చిక్కవచ్చు. అప్పుడు మన పక్కనున్నవాళ్ళు "ఇదే సమయం" అంటారు. ఆ ఒక్క ఘడియలో మనం ఏమి చేస్తామో అదే మన సాక్ష్యం. ఈ వారం అలాంటి ఒక మనిషి పేరు మోకాళ్ళ మీద దేవుని ఎదుట చెప్పండి.

ప్రార్థన: ప్రభువా, మమ్మును తప్పించిన నీవే, మా చేతులను కూడా ఆపుము. ఆమేన్.