తాలీమ్ అంటే చదువే

మా తాడ్వాయి చుట్టుపక్కల ఊళ్ల పేర్లు ఒకసారి వినండి. దేమికలాన్. అందులో 'కలాన్' ఫార్సీ మాట. పెద్దది అని అర్థం. కృష్ణాజివాడి, బ్రహ్మాజివాడి. వాటిలో 'వాడి' మరాఠీ. కామారెడ్డికీ ఎల్లారెడ్డికీ నడుమ ఈ తెలుగు పల్లెల్లో భాషలు ఎవరి అనుమతీ అడగకుండా కలిసి కాపురం చేశాయి. కుస్తీ మాటలూ అంతే. కుస్తీ, పహిల్వాన్, ఉస్తాద్ ఫార్సీ నుంచి వచ్చాయి. మల్లుడు సంస్కృతం. సాము, పట్టు తెలుగు. కుస్తీ నేర్పే చోటు పేరు తాలీంఖానా. 'తాలీమ్' అరబ్బీ మాట. దానికి అర్థం చదువు.

పలకా బలపం లేని చోటుకు చదువు పేరు ఎందుకు పెట్టారు? మట్టిలో పొర్లి, దెబ్బలు తిని, ఒళ్లు హూనం చేసుకుని వచ్చేవాడు ఏం చదువుకున్నట్టు? పైగా ఎవరూ కొట్టి పంపకపోయినా మర్నాడు తెల్లవారుజామున మళ్లీ పోతాడు. ఎందుకు పోతాడు? ఏం సంతోషం ఉంది అందులో? ఈ ప్రశ్నకు జవాబు మేం చరిత్రలో వెతుకుతున్నాం. ఎందుకంటే ఈ మధ్య మా పిల్లవాడు పిడికిలి బిగిస్తే చాలు, ఆ జవాబు చెప్పే పని ఇతరులు తీసుకుంటున్నారు.

ముందు మా వైపు కుస్తీ ఎలా ఉంటుందో చెప్పాలి. నిజామాబాద్, కామారెడ్డి జిల్లాల పల్లెల్లో జాతరలకూ పండుగలకూ కుస్తీ పోటీలు పెడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలవుతుంది. చిన్నపిల్లలు పట్టి, గెలిచినవాడు కొబ్బరికాయ తీసుకుంటాడు. తర్వాత పది రూపాయలు, యాభై, వంద అంటూ పందెం పెరుగుతుంది. ఆఖరి కుస్తీకి వెండి కడియం. డప్పు మోగుతూనే ఉంటుంది. మహారాష్ట్ర నుంచీ, కర్ణాటక నుంచీ కూడా మల్లులు వస్తారు. బరిలోకి దిగే ముందు నేలను తాకి కళ్లకద్దుకుంటారు. ఒకడు బజరంగబలీ పేరు తలుస్తాడు, ఒకడు యా అలీ అంటాడు. ఇద్దరికీ అంటేది ఒకే మట్టి.

అక్కడ ఒక చిన్న పని చూడాలి. పట్టు మధ్యలో చెమటకు ఒళ్లు జారుతుంది. అప్పుడు మల్లుడు పిడికెడు మట్టి తీసి ఎదుటివాడి వీపు మీద చల్లుతాడు. తన పట్టు నిలవడానికే చల్లుతాడు. ఎదుటివాడూ అదే చేస్తాడు. పట్టు నిలవకపోతే ఆట లేదు, ఆట లేకపోతే ఇద్దరికీ గెలుపు లేదు. శత్రువు ఒంటికి ఎవరూ మట్టి రాయరు. వీపు నేలకు తగిలితే ఓటమి. అంతకు మించి ఏమీ తగలాల్సిన పనిలేదు. ఓడినవాడు లేచి గెలిచినవాడిని కావలించుకుని పోతాడు.

ఈ సంతోషం ఈనాటిది కాదు. మాకు పడమటి దిక్కున, ఇప్పటి కర్ణాటకలోని బసవకల్యాణ్ రాజధానిగా ఏలిన కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో మానసోల్లాసం అనే గ్రంథం రచించాడు. అందులో మల్లుల తిండి గురించీ, సాధన గురించీ, పట్ల గురించీ వివరంగా రాశాడు. ఆ ప్రకరణం పేరు మల్లవినోదం. సంగీతం, నృత్యం ఉన్న వరుసలోనే, వినోదాల్లోనే దాన్ని లెక్కగట్టాడు. యుద్ధాలు చేసిన వంశపు రాజుకే కుస్తీ యుద్ధం కాదన్న సంగతి తెలుసు.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పాయిస్ శ్రీకృష్ణదేవరాయల దినచర్య రాసిపెట్టాడు. తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒళ్లంతా అదే నూనె పట్టించి, మట్టితో చేసిన పెద్ద బరువులు ఎత్తి, చెమటలో నూనె కారిపోయేదాకా కత్తిసాము చేసి, ఆపైన తన మల్లుల్లో ఒకనితో కుస్తీ పట్టేవాడట. అంత పెద్ద రాజ్యానికి ప్రభువు రోజూ పొద్దున్నే ఒక మల్లుని చేతుల్లో తన ఒళ్లు పెట్టాడు. దర్బారులో ఆ మల్లుడు తలెత్తి చూడలేడు. బరిలో మాత్రం మెడ పట్టుకోవాలి. మరో పోర్చుగీసువాడు నూనిజ్, రాజు కొలువులో కుస్తీపట్టే స్త్రీలు కూడా ఉన్నారని రాశాడు. ఆ మాట గుర్తుంచుకోండి. దానితో మాకు మళ్లీ పని పడుతుంది.

ఆసఫ్‌జాహీల కాలానికి వస్తే, యెమెన్ వైపు హద్రమౌత్ నుంచి వచ్చి నిజాం కొలువులో చేరిన అరబ్బు సిపాయిల సంతతి హైదరాబాద్‌లో బార్కస్‌లో స్థిరపడింది. ఇంగ్లీషు బ్యారక్స్ జనం నోట బార్కస్ అయింది. కుస్తీ మీద మోజు వాళ్లతోపాటు నిలిచింది. అయితే తాలీంఖానా నవాబుల సొత్తు కాదు. కసాయి, దూదేకుల, గొల్ల, మాలి, చాకలి ఇళ్ల పిల్లలకు ఒంట్లో బలం తప్ప వేరే ఆస్తి లేదు. ఆ ఒక్క ఆస్తికి విలువ కట్టే చోటు ఇదే. కుస్తీలో ఒక పట్టు పేరు ధోబీపాట్. ఎదుటివాడిని భుజం మీదుగా ఎత్తి, చాకలి బండ మీద బట్ట ఉతికినట్టు నేలకు కొడతారు. చాకిరీ చేసేవాని ఒడుపు విద్య పేరుగా నిలిచిన చోటు ఇంకెక్కడుంది చెప్పండి?

మరి సంతోషం ఎక్కడ ఉంది? కొట్టడంలో ఉందని చూసేవాళ్లు అనుకుంటారు. చేసేవాళ్లు అలా చెప్పరు. తాలీంఖానాలో ముందు నేర్పేది పడటం. తల తగలకుండా, చెయ్యి విరగకుండా ఎలా పడాలో ఉస్తాద్ నేర్పుతాడు. పడటం వచ్చినవాడికి పడతానన్న భయం పోతుంది. రోజంతా ఎవరో ఒకరికి భయపడుతూ బతికే పేదవాడికి ఆ భయం పోయిన గంట ఎంత తీపో వేరే చెప్పాలా? రెండోది, బరిలో హోదా పనిచేయదు. అక్కడ అబద్ధం నడవదు. నువ్వు దొర కొడుకువైనా వీపు నేలకు తగిలితే తగిలినట్టే. మూడోది, మరో మనిషి ఒంటిని ముట్టుకోవడం. మన దేశంలో ఎవరు ఎవర్ని ముట్టుకోవాలో కులం చెబుతుంది, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో మతం చెబుతుంది. కుస్తీలో ఆ రెండూ కాసేపు గట్టు మీద నిలబడాలి. బరిలో కూడా కులాన్ని చూసిన ఊళ్లు లేవని మేం అనడంలేదు. కానీ చూసినచోట కుస్తీ నియమం తప్పింది ఆ ఊరే.

ప్రవక్త రుకానా అనే మల్లునితో కుస్తీ పట్టి ఓడించారని హదీసు గ్రంథాల్లో ఉంది. ఇతరుల్ని పడగొట్టేవాడు కాదు, కోపం వచ్చినప్పుడు తనను తాను పట్టుకోగలిగినవాడే బలవంతుడు అన్న అర్థమిచ్చే హదీసూ ఉంది. రెండూ కలిపి చదువుకోవాలి. కొట్టగలిగిన చెయ్యి వచ్చాక ఆపగలిగిన చెయ్యి రావాలి. తాలీమ్ అంటే మాకు తెలిసిన అర్థం అదే.

ఇక్కడ మావాళ్లు మాట్లాడటానికి ఇష్టపడని సంగతి ఒకటుంది. 1947-48లో ఖాసిం రజ్వీ రజాకార్లు కూడా కవాతు చేశారు. కర్రలు తిప్పారు, కత్తులు పట్టారు. వాళ్లకూ అందులో సంతోషం కలిగే ఉంటుంది. వందమంది ఒకే అడుగు వేస్తే కలిగే మత్తు అది. 1948 ఆగస్టులో ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను నరికి చంపింది ఆ మత్తే. రజాకార్లను విమర్శించిన ఆ కలం ముస్లిందే, ఉర్దూదే. తర్వాత సెప్టెంబరు 13 నుంచి అయిదు రోజుల పోలీసు చర్య. దాని వెంట జరిగిన హత్యాకాండలో 27 వేల నుంచి 40 వేలమంది చనిపోయి ఉంటారని సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. మా పొరుగున ఉన్న మెదక్ కూడా దెబ్బతిన్న జిల్లాల్లో ఉంది. చచ్చినవాళ్లలో రజాకార్లెందరు? కర్ర పట్టుకోవడం తెలియని నేతగాళ్లూ, రైతులూ, కూలీలూ ఎందరు? ఆ లెక్క తీయకుండానే ముస్లిం ఒంటి మీద రజాకార్ ముద్ర పడింది.

కవాతుకూ కుస్తీకీ తేడా మేం గట్టిగా చెప్పాలి. కవాతులో పక్కవాడు కనిపిస్తాడు, ఎదుటివాడు కనిపించడు. ఎదుటివాడు ఊహలో ఉంటాడు కాబట్టి ఎంత ద్వేషమైనా పెంచుకోవచ్చు. కుస్తీలో ఎదుటివాడి ఊపిరి మన మెడకు తగులుతూ ఉంటుంది. వాడికీ అలసట ఉందని, వాడికీ నొప్పి ఉందని తెలిసిపోతుంది. మా మతం పేరుతో చేసినా, మీ మతం పేరుతో చేసినా, ద్వేషానికి చేసే కర్రసాము సాము కాదు.

దీనికి సాక్ష్యం కావాలంటే గామా పహిల్వాన్ ఉన్నాడు. అసలు పేరు గులాం మహమ్మద్. 1910లో లండన్ వెళ్లి పోలండ్ మల్లుడు జిబిస్కోతో తలపడ్డాడు. అది తేలలేదు. 1928లో పాటియాలాలో అదే జిబిస్కోను నిమిషం లోపే చిత్తు చేశాడు. ఆ రోజు దేశమంతా అతన్ని మనవాడు అంది. 1947లో లాహోర్‌లో తన వీధిలోని హిందువుల మీదికి వచ్చిన గుంపుకు అడ్డం నిలబడి వాళ్లను కాపాడాడని చెబుతారు. ఒక ఒంటి బలం ఎందుకు పెంచుకోవాలో ఇంతకంటే బాగా ఎవరు చెప్పగలరు?

కానీ మాట మారిపోయింది. ఫార్సీలో వీరుడన్న అర్థమున్న పహిల్వాన్, హైదరాబాద్ పత్రికల భాషలో రౌడీకి మారుపేరైంది. సినిమాల్లో సుర్మా పెట్టుకుని, గళ్ల లుంగీ కట్టుకుని, భూములు కబ్జా చేసేవాడైంది. అలాంటివాళ్లు లేరని మేం అనం. ప్రతి మతంలోనూ, ప్రతి పార్టీలోనూ ఉన్నారు. మిగతావాళ్లకు మాత్రం వాళ్ల కళ పేరు నేరం పేరు కాలేదు.

2022 సంవత్సరం తీసుకోండి. మే 19న ఇస్తాంబుల్‌లో మా ఉమ్మడి జిల్లా నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. ఊరంతా తీన్‌మార్ ఆడింది. రెండు నెలలు తిరగకముందే, జూలైలో అదే నిజామాబాద్ పట్టణంలో కరాటే నేర్పే ముసుగులో ఉగ్రవాద శిక్షణ ఇస్తున్నారని పోలీసులు కేసు పెట్టారు. కేసు ఎన్.ఐ.ఏ.కి పోయింది. సెప్టెంబరు 28న కేంద్ర ప్రభుత్వం పాపులర్ ఫ్రంట్‌ను అయిదేళ్లు నిషేధించింది. అందులో ఎవరి తప్పెంతో తేల్చేది న్యాయస్థానాలు, మేం కాదు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలనే మేమూ అంటాం. మేం అడిగేది వేరు. ఆ నెలల్లో కరాటే బట్టల సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరే ముస్లిం పిల్లవాని తల్లి గడపలో నిలబడి ఏమనుకుని ఉంటుంది? పతకం తెస్తే దేశం బిడ్డ, సంచీ మోస్తే అనుమానితుడు. ఈ రెంటి నడుమ మామూలు పిల్లవానిగా, కేవలం సంతోషం కోసం సాధన చేసేవానిగా ఉండే చోటు మావానికి ఏది?

బోధన్ దగ్గర హున్సాలో ఏటా హోలీనాడు పిడిగుద్దులాట ఆడతారు. నడుమ తాడు కట్టి, అటూ ఇటూ నిలబడి కాసేపు పిడికిళ్లతో గుద్దుకుంటారు. ముక్కుల నుంచి రక్తం కారుతుంది. ఆట కాగానే ఆలింగనం చేసుకుంటారు. పోలీసులు అనుమతి ఇవ్వకపోయినా ఆడిన సంవత్సరాలున్నాయి. దాన్ని అందరూ ఆచారమంటారు. ఆచారమే. వాళ్ల సంతోషం మాకు అర్థమవుతుంది. మా పిల్లల సంతోషం కూడా అలాగే అర్థం చేసుకోమని అడుగుతున్నాం. అంతకంటే ఎక్కువేమీ కాదు.

మావాళ్లనూ ఒక మాట అడగాలి. నిఖత్ బరిలోకి దిగిన కొత్తలో, ఆడపిల్లకు కొట్లాట ఏమిటి, ఆ పొట్టి బట్టలేమిటి అన్న నోళ్లు ఆమె తన చుట్టూ విన్నవే. ఆ సంగతి ఆమే బాహాటంగా చెప్పింది. వాళ్ల నాన్న జమీల్ అహ్మద్ వెనక్కి తగ్గలేదు. నిజామాబాద్‌లో మొదట గ్లవ్స్ తొడిగించిన ఉస్తాద్ శంషాముద్దీన్ ఆడపిల్ల అని వేరుగా చూడలేదు. ఆ ఉస్తాద్ కొడుకు హుసాముద్దీన్ 2018, 2022 కామన్వెల్త్ క్రీడల్లో కాంస్య పతకాలు తెచ్చాడు. నిఖత్ 2023లో రెండోసారి ప్రపంచ చాంపియన్ అయింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఓడింది. ఓడిననాడు కూడా ఆమె మాదే. విజయనగరంలో అయిదు వందల ఏళ్ల కింద ఆడవాళ్లు కుస్తీ పట్టారు కదా. మన ఇంటి ఆడపిల్లకు ఇప్పుడు ఏది అడ్డం? మగపిల్లవాని ఒంటి మీద లోకం అనుమానం పెడితే మనకు మండుతుంది. ఆడపిల్ల ఒంటి మీద మనమే అనుమానం పెడితే ఆ మంట ఎటు పోతుంది?

తాలీంఖానాలు ఇప్పుడు తగ్గిపోయాయి. ఉన్న జాగాల ధరలు పెరిగి కొన్నిచోట్ల దుకాణాలు లేచాయి. పిల్లలు జిమ్ములకు పోతున్నారు. అద్దం ముందు నిలబడి బరువులెత్తుతున్నారు. బలం వస్తుంది. కానీ అద్దంలో తనకు తానే కనిపిస్తాడు, ఎదుటి మనిషి కనిపించడు. ఎదుటి మనిషి కనిపించడమే మా ఉస్తాద్‌లు చదువన్నారు.

తాడ్వాయి లాంటి ఊళ్లలో పంట కోసిన చేలల్లో నాలుగు బండ్ల ఎర్రమట్టి పోస్తే బరి తయారవుతుంది. పెద్ద ఖర్చేమీ లేదు. మొదటి కొబ్బరికాయ కుస్తీకి ఒక సాయిబుల పిల్లవాడు, ఒక ముదిరాజుల పిల్లవాడు దిగితే చాలు. ఎవరు గెలిచినా ఆ కొబ్బరికాయ అక్కడే పగలగొట్టి ఇద్దరూ తింటారు. ఆ పిల్లల్ని చూసి, వీళ్లు దేనికి తయారవుతున్నారు అని అడగకండి. ఏం చదువుకుంటున్నారు అని అడగండి.