బొమ్మ సిపాయిలు, నిజ సిపాయిలు: ఒక ఛాయాచిత్ర సమస్య

మహానంది పరిసరములలోని ప్రాత యిండ్లలో తాటాకు ప్రతులను వెదకు పరిశోధక విద్యార్థికి, వానితోపాటు చట్రమూడిన ఛాయాచిత్ర మొకటి దొరకవచ్చును. అందు నలుగురు సిపాయిలు నిలిచియున్నారనియు, వారి ముందు బల్లపై బొమ్మ సిపాయిల వరుస యున్నదనియు అనుకొందము. పేరు లేదు, తేది లేదు. శాసనమునకు లిపి ఆధారమైనట్లు ఇట్టి చిత్రమునకు ఏది యాధారము?

మొదట బొమ్మలను చూడవలెనని మా యభిప్రాయము. మనుష్యులను తరువాత చూడవచ్చును. కొండపల్లి బొమ్మ తేలికైన తెల్లపొణికి కఱ్ఱతో చేసినది. ఏటికొప్పాక బొమ్మ అంకుడుకఱ్ఱను తరిమెన పట్టి లక్క పూసినది గనుక గుండ్రముగా నుండును. సూదివంటి తుపాకిని భుజమున మోయు సన్నని బొమ్మ యీ రెండు తెఱగులకును చెందదు; అది లోహపు బొమ్మ యనుట న్యాయము. లండను నగరమున బ్రిటన్ సంస్థవారు 1893లో సీసపు బొమ్మలను లోన డొల్లగా పోతపోయు పద్ధతిని కనిపెట్టిన పిమ్మట అవి చవుకయై దేశదేశములకు వ్యాపించినవి. మద్రాసు పదాతిదళపు సిపాయిలను గూడ ఆ సంస్థవారు పోసి యమ్మిరి. అయినను బొమ్మ వయస్సు చిత్రమునకు పూర్వావధిని మాత్రమే చూపును. 1900 ప్రాంతపు బొమ్మ 1940 నాటి బల్లపై నిలువదా?

ఇక దుస్తులు. ఇచ్చట పొరపడుట మిక్కిలి సులభము. ప్రాత ఛాయాచిత్ర ఫలకములు ఎఱుపును గ్రహింపజాలవు. నీలమును అతిగా గ్రహించును. అందుచేత మద్రాసు సిపాయి ఎఱ్ఱకోటు చిత్రమున నల్లగా పడును, నీలపు గుడ్డ తెల్లబాఱును. అన్ని వర్ణములను గ్రహించు ఫలకములు 1906 తరువాతనే బజారున లభించినవి. నల్లకోటును చూచి ఫలానా దళమని వెంటనే తీర్పు చెప్పరాదు.

చిత్రము వెనుక ఎవరైన 'తిలంగా' అని వ్రాసియుండిన మఱింత జాగరూకత వలయును. 1756లో క్లైవు వంగదేశమునకు గొనిపోయిన మద్రాసు సిపాయిలలో తెలుగువారుండుటచే అచ్చటివారు సిపాయినే తిలంగా యనిరి. పిమ్మట అవధు, బీహారు ప్రాంతముల సిపాయిలకును, నేపాళపు సైనికులకును ఆ పేరే చెల్లినది. మన జాతినామము పరదేశమున వృత్తినామమైనది! కావున ఆ మాట యున్నంతమాత్రమున చిత్రములోనివారు తెలుగువారు కారు.

కాని యీ సీమలో సిపాయి యనగా ఎవరు? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో తిరుగబడినప్పుడు ఆయనను తఱిమినవి కంపెనీ బలగములు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిరి. మరి కంపెనీవారి మద్రాసు సైన్యమునందే తెలుగువారును కొలువు చేసిరి. పాటలు మొదటివానిని నిలుపుకొన్నవి. రెండవవారిని గూర్చి మన సాహిత్యము దాదాపు మౌనము. ఇట్టి చిత్రమునకు విలువ అందువలననే.

1881 నుండి 1885 వఱకు మద్రాసు సేనాధిపతిగా నుండిన రాబర్ట్సు, దక్షిణాది సిపాయి ఉత్తరాది యుద్ధములకు చాలడని నిశ్చయించి, 1897లో వెలువడిన తన ఆత్మకథలోను ఆ మాటనే నిలిపెను. 'వీరజాతు'ల సిద్ధాంతము బలపడినకొలది తెలుగువారి చేరిక సన్నగిల్లినది. 1895లో మద్రాసు సైన్యము ప్రత్యేకముగా నుండుట యంతరించినది. సరిగా ఆ కాలముననే లండను బిడ్డలు మద్రాసు సిపాయిని సీసపు బొమ్మగా కొని ఆడుకొనుచుండిరి. నిజ సిపాయికి కొలువు తగ్గినది, బొమ్మకు గిరాకి పెరిగినది. దీనిని కాకతాళీయమనవచ్చును; కాని దళచరిత్రలు వ్రాయువారు గమనింపదగిన కాకతాళీయము.

సిపాయిలు బొమ్మలతో ఏల నిలిచిరను ప్రశ్న మిగిలినది. వేడుకకని చెప్పి తృప్తిపడుట తొందరపాటు. ప్రష్యాలో 1824లో రైస్విట్సు రూపొందించిన యుద్ధక్రీడ నాటినుండి సేనలు చిన్న గుర్తులతో వ్యూహములు నేర్చుచునే యున్నవి. ఇసుకతో కొండలను, వాగులను మలచి దళములను నిలిపి చూపుట నేటి సైనిక శిక్షణలోను కలదు. కావున బల్లపై బొమ్మల క్రింద ఇసుక యున్నదా, దారము లాగిన గీతలున్నవా యని భూతద్దముతో చూడవలెను. ఉన్నచో అది ఆట కాదు, పాఠము. నిలిచినవారు ఆ పాఠము విన్నవారు.