తొమ్మిది వేల సార్లు

ఆలేరు స్టేషన్లో రైలు దిగి శారాజీపేట దాకా రండి. ఏడాది 1990 అనుకోండి. నేతగాళ్ల ఇళ్ల మధ్య నడుస్తుంటే మగ్గం చప్పుడు వీధిలోకే వినిపిస్తుంది. చెప్పులు విడిచి, తల వంచి ఒక గడప దాటండి. "కూసో బిడ్డా" అంటుంది లోపలున్న లక్ష్మి. అంటుందే గానీ మీ వైపు చూడదు. చూస్తే లెక్క తప్పుతుంది.

ఆమె ముందు ఆసు ఉంది. ఒక చివర ఒంటరి మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో మేకుల వరస. పట్టుదారాన్ని ఇటు చుట్టి, చెయ్యి చాపి అటు మేకుకు తగిలించి, మళ్లీ ఇటు తేవాలి. ఆమె భుజం చూడండి. ముందుకు, వెనక్కి, ముందుకు. ఒక్కో విసురు మీటరు దాకా ఉంటుంది. ఒక చీరకు ఇలా దాదాపు తొమ్మిది వేల సార్లు! కూర్చున్న చోటే తొమ్మిది కిలోమీటర్లన్నమాట. చీరకు ఐదారు గంటలు. రోజుకు రెండు చీరలకు ఆసు పోస్తే రాత్రికి చెయ్యి లేవదు.

ఆసు పోయకపోతే పోచంపల్లి చీర లేదు. ఇలా పరిచిన దారానికే సైకిలు ట్యూబు పట్టీలతో ముడులు కట్టి రంగులో ముంచుతారు. ఆ తర్వాతే నేత. మగ్గం మగవాడిది, ఆసు ఆడవాళ్లది. భుజం నొప్పి కూడా ఆడవాళ్లదే. తరతరాలుగా అదొక సమస్య అని ఎవరూ అనలేదు, ఇంటిపని లెక్కలో వేసేశారు. నా దృష్టిలో అసలు కనిపెట్టింది ఇక్కడ: లక్ష్మి కొడుకు చింతకింది మల్లేశం దాన్ని సమస్య అన్నాడు.

చదువు ఆరో తరగతితో ఆగిపోయినవాడు. ఆసు పోసే యంత్రం పని 1992లో మొదలుపెట్టాడు. చేతిలో నాలుగు డబ్బులు పడితే ఒక భాగం, లేకపోతే అప్పు. యంత్రం కదిలేది, ఆగేది. ఊళ్లో నవ్వేవాళ్లకు కొదవ లేదు. చివరికి హైదరాబాద్ వెళ్లి కూలికి కుదిరాడు. పని మీద బాలానగర్‌లో ఒక కార్ఖానాకు వెళ్లాడు. అక్కడ అతని పక్కన నిలబడండి: నూనె వాసన, ఇనుప రజను, ఆగకుండా తిరుగుతున్న ఒక యంత్రం. అందరికీ అది మామూలు మిషనే. దారాన్ని మేకు చుట్టూ తిప్పడానికి తనకు దొరకని కదలిక మల్లేశానికి అందులో దొరికింది. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. పేరు పెట్టడానికి ఆలోచించాల్సిన పని లేదు: లక్ష్మి ఆసు యంత్రం.

ఇప్పుడు మరో ఇంట్లోకి రండి. స్విచ్ వేయగానే టకటకమని దారం మేకు మీద నుంచి మేకు మీదకు దూకుతుంది. ఐదారు గంటల పని గంటన్నరలో అయిపోతోంది. ఆ ఇంటావిడ దారం తెగిందేమోనని ఓ కంట కనిపెడుతూ బియ్యం ఏరుకుంటోంది. ఈ సరుకుకు ప్రకటనలు అక్కర్లేదు. పక్కింటామె వచ్చి చూస్తే చాలు, సాయంత్రానికి మొగుణ్ని నిలదీస్తుంది. అలా ఒక్కో ఇంటి నుంచి అడుగుతుంటే ఆలేరులో తయారీ సాగింది. మారుమూల ఆవిష్కర్తలను వెతికే పల్లెసృజన సంస్థ తోడు నిలిచింది. మల్లేశానికి 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో 'మల్లేశం' సినిమా వచ్చింది.

యంత్రం ఆసు వరకే. ముడులు కట్టేదీ, రంగు అద్దేదీ, నేసేదీ ఇప్పటికీ చేతులే. ఆ చేతులకు కూలి గిట్టనివ్వనిది బజారులో సగం ధరకు దొరికే అచ్చు డిజైను చీర. దానికి మిషను కనిపెట్టలేం, కొనేవాళ్లే చూసుకోవాలి. దుకాణంలో పోచంపల్లి అని చెప్పి చీర పరిస్తే తిరగేసి చూడండి. దారానికే రంగు అద్ది నేసిన చీరకు రెండు వైపులా రంగు ఒకేలా ఉంటుంది. వెనక వెలిసినట్టుంటే అది అచ్చు గుద్దింది, డబ్బు తీయకండి.