మూత్రాశయం నుంచి మెదడు దాకా

ములుగు పల్లెల్లో తాటిచెట్టు మీది నుంచి పడి వెన్నుపూస విరిగిన గీత కార్మికుణ్ని వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చేరిస్తే, ఇంటిల్లిపాదీ అడిగేది మళ్లీ నడుస్తాడా అనే. మూత్రం కష్టం మెల్లగా బయటపడుతుంది. ఒకప్పుడు ఇలాంటివాళ్ల ప్రాణం తీసింది ఎక్కువగా అదే.

సుమారు 3,600 ఏళ్ల నాటి ఈజిప్టు ఎడ్విన్ స్మిత్ పపైరస్, మెడ ఎముక తప్పి కాళ్లూ చేతులూ పడిపోయి, తెలియకుండా మూత్రం కారే మనిషి గురించి చెప్పి, దీనికి వైద్యం లేదని తేల్చేసింది. మొదటి ప్రపంచయుద్ధం నాటికీ పరిస్థితి పెద్దగా మారలేదు. మూత్రంలో చీము, పడకపుళ్లు సైనికుల్ని నెలల్లోనే మింగేశాయి.

మూత్రం ఇలా ఎందుకు అదుపు తప్పుతుందో 1925లో తేటపడింది. మూత్రం విడవమనే ఆజ్ఞ మెదడు కాండంలోని పాన్స్ నుంచి వస్తుందని పరిశోధకుడు బారింగ్టన్ పిల్లుల మీద పరిశోధించి చూపాడు. ఆ ఆజ్ఞతో మూత్రాశయం ముడుచుకుంటుంది, అదే క్షణంలో మూత్రద్వార కండరం వదులవుతుంది. వెన్నుపాము తెగితే ఈ పొత్తు చెడుతుంది. రెండూ ఒకేసారి బిగుసుకుని, ఒత్తిడి పైకెక్కి కిడ్నీలను దెబ్బతీస్తుంది.

1972లో అమెరికా వైద్యుడు లాపిడిస్ చెప్పిన మాట చాలా మామూలుగా కనిపిస్తుంది: చేతులు కడుక్కుని, శుభ్రమైన గొట్టంతో రోజుకు కొన్నిసార్లు మూత్రం తీసేసుకోండి. నా లెక్కలో ఈ చరిత్రలోకెల్లా పెద్ద మలుపు ఇదే. ఇందుకు యంత్రాలు అక్కర్లేదు, నేర్పే నర్సు ఉంటే చాలు.

కరెంటు సాయం కూడా అదే దశకంలో మొదలైంది. ఇంగ్లండులో శాస్త్రవేత్త బ్రిండ్లీ నడుము కింది నరాల వేర్లకు ఎలక్ట్రోడ్లు అమర్చి మూత్రాశయాన్ని ఖాళీ చేయించాడు. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం పుర్రె తెరవకుండానే, తల మీద పెట్టిన తీగచుట్ట అయస్కాంత శక్తితో మెదడును ప్రేరేపించింది. 2007లో ఇటలీ వైద్యులు మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న రోగుల మూత్ర సమస్యకు ఈ పద్ధతిని వాడి చూశారు. 2018లో లాస్ ఏంజెలిస్‌లో వెన్నుపాము దెబ్బతిన్న ఐదుగురికి, తలకు కాకుండా నడుముకు అయస్కాంత ప్రేరణ ఇచ్చి మెరుగుదల చూశారు.

వెన్నుపాము గాయానికి మెదడు ప్రేరణ ఇంకా పరిశోధన దశలోనే ఉంది. వెన్నుపాము పూర్తిగా తెగితే పైనుంచి పంపిన ఆజ్ఞకు దారి ఉండదు. కొన్ని నరపు పోగులు మిగిలినవాళ్ల మీదే ఆశంతా. అందుకే ఇంటికి పంపేముందు గాయం పూర్తిదా, పాక్షికమా అని డాక్టరును అడిగి కాగితం మీద రాయించుకోవాలి. గొట్టం వేసుకోవడం కూడా అక్కడే నేర్చుకోవాలి.